కూర్మయ్య పెట్టిన ఆడగొంతు

"కూర్మయ్యగోరికి వంకాయలో ఎండురొయ్యలేసి ఒండితే పేణమట. రేపదే ఒండు," అన్నాడు మా బావ, మిల్లు నుంచి వస్తూనే చొక్కా విప్పి నా ఒళ్లో పడేసి. ఎంతమందికి వండాలి, ఎప్పటికి వండాలి, ఇంట్లో నూనె ఉందా లేదా అన్న ప్రశ్నలు ఆయనకు పుట్టవు. బావ అంటే నా మొగుడు జగన్నాధమే, మేనమామ కొడుకు. వేరే ఏ చుట్టానికి వండమన్నా ఆ పూట వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడయ్యేవి. కానీ కూర్మయ్య పేరు వినగానే నా అలసటంతా ఎటో పోయింది. చంటిదాన్ని ఉయ్యాల్లో వేసి, చేటలో ఎండురొయ్యలు పోసుకుని, తలలూ తోకలూ గిల్లుతూ కూర్చున్నాను. గిల్లుతూ గిల్లుతూ తందాన తాన అని కూనిరాగం కూడా తీశాను. మా అత్త దాలమ్మ అరుగు మీంచి మెడ సాచి చూసి, "ఏటే సుబద్రా, ఐదుగురు పిల్లల తల్లివి, రాగాలేటే నీకు?" అంది.

రాగాలు నాకు కొత్త కాదు. కూర్మయ్య బుర్రకథ నేను మొదటిసారి విన్నది ఓణీ వెయ్యని వయసులో, పొందూరు పక్కన మా కన్నవారి ఊళ్లో. దివాణాలు పోతాయని జనం గుసగుసగా చెప్పుకుంటున్న రోజులవి. పశువుల సాల ముందు నాలుగు బల్లలు కలిపి వేదిక కట్టారు. నడుమ కూర్మయ్య, భుజాన తంబుర, బొటనవేలికి అందెలు. కుడి పక్క నరసింగరావు, ఎడమ పక్క గంగులు, ఇద్దరి చేతుల్లో గుమ్మెటలు. కుడి పక్కవాడి పని లోకంలో జరిగే అన్యాయాన్ని కథలోకి లాక్కురావడం, ఎడమ పక్కవాడి పని నవ్వించడం. ఆ రోజు చెప్పింది రావమ్మ కథ. నూర్పులైన కళ్లానికి దివాణం మనుషులు బళ్లు తోలుకొస్తారు. ఊళ్లో మగాళ్లందరూ గడ్డివాముల వెనక నక్కుతారు. చంటిపిల్లను చంకనెత్తుకుని రావమ్మ వచ్చి ధాన్యం కుప్ప మీద కూర్చుంటుంది.

అక్కడ కూర్మయ్య తంబుర ఆపాడు. గంగులు ఏదో అనబోతే చెయ్యెత్తి ఊరుకోమన్నాడు. అంతకుముందు నేను చూసిన కథకులందరూ ఆడమనిషి మాట్లాడాల్సి వచ్చేసరికి పైపంచె నెత్తిన వేసుకుని, మెడ వంకర తిప్పి, కీచుమని ఆడగొంతు పెట్టేవాళ్లు. జనం పడీ పడీ నవ్వేవారు. కూర్మయ్య ఆడగొంతు పెట్టలేదు. తన గొంతుతోనే, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా జనం మధ్య పెట్టినట్టు చెప్పాడు. "ఈ గింజ నాను నాటేను. నాను కోసేను. నాను నూర్సేను. ఇక్కణ్ణించి నాను లెగను." సాల ముందు చీమ చిటుక్కుమంటే వినిపించేది. మా నాన్న ఇంట్లో మా అమ్మ అన్న మాట ఏదైనా బయటివాళ్లకు చెప్పాల్సి వస్తే ఎప్పుడూ మూతి తిప్పి, గొంతు సన్నం చేసి చెప్పేవాడు. మా పెదనాన్నా అంతే. ఆడదాని మాటను ఎగతాళి చెయ్యకుండా ఒక మగాడు పలకడం నేను వినడం అదే మొదలు. ఆ రోజు నుంచి కూర్మయ్య అంటే నాకు పిచ్చి. రావమ్మ కథ మొదలు నుంచి చివరి దాకా కంఠతా పట్టేశాను. రాట్నం ముందు కూర్చుని అమ్మతో పాటు నూలు వడుకుతూ అదే పాడేదాన్ని.

నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు బావ పెద్దవాళ్లు వినకుండా, "కూర్మయ్య దళం ఎక్కడ కథ సెప్పినా నానెల్తాను, తెలుసా?" అన్నాడు. నా మనసు అక్కడే ఒప్పేసుకుంది. పెళ్లయిన ఏడాదే నెల్లిమర్ల బజార్లో దళం కథ చెబితే ఎడ్లబండి కట్టించి తీసుకెళ్లాడు. అప్పుడు కూర్మయ్య మంచి పదునులో ఉన్నాడు. కథ మూడు పూటలు నడిచింది. కుప్ప మీద రావమ్మ కూర్చున్న చోట బావ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. రావమ్మ కోసం ఏడ్చే మగాడు పెళ్లాన్ని కంట్లో పెట్టుకుని చూస్తాడని నేను అనుకున్నాను. అప్పటికి నా వయసెంత, నాకు తెలిసిందెంత! కథలో ఆడదాని కోసం ఏడ్చిన మనిషి ఇంటికొచ్చి కాళ్లకు నీళ్లు ఇవ్వడం ఆలస్యమైందని చెంబు విసిరికొట్టగలడని తర్వాత కదా తెలిసింది.

ముగ్గురు పిల్లలు పుట్టాక విజయనగరంలో మళ్లీ విన్నాను. కుడి పక్క నరసింగరావు లేడు. సర్కారు ప్రచారానికి జీపెక్కి తిరిగే కథ నాకొద్దని దళం వదిలేసి, కొండ కింద ఏదో ఊళ్లో పిల్లలకు చదువు చెప్పుకుంటున్నాడట. ఆయన చోట కూర్మయ్య అల్లుడు నిలబడ్డాడు. ఆ అబ్బాయి పనల్లా మామ ఏమన్నా "అవునవును" అనడమే. నరసింగరావు ఉన్నప్పుడు, మధ్యలో కథ ఆపి, "ఏం కూర్మయ్యా, మగోలందరూ గడ్డివాము ఎనకాల ఏటి సేస్తన్నారు?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు మగాళ్లంతా తల దించుకునేవారు. ఈసారి అడిగేవాడు లేడు. వరసలన్నీ సినిమా పాటల వరసలైపోయాయి. గంగులు హాస్యం బాగా బలిసింది. ఇదివరకు కథకు ఉప్పులా ఉండేది, ఇప్పుడు ఉప్పులో కథ వెతుక్కోవలసి వచ్చింది. అయినా రావమ్మ మాట్లాడే చోట కూర్మయ్య తంబుర ఆపి, తన గొంతుతోనే చెప్పాడు. కాకపోతే తొందరగా, ఏదో పని ముగించినట్టు చెప్పాడు.

తిరిగి వస్తూ బండిలో ఉండబట్టలేక, "కథ పాడైపోతన్నాది బావా," అన్నాను.

"నీకేటి తెలుసే? గరిటి తిప్పినోలందరూ కథల్లో తప్పులెన్నీడమే! జనం ఎలగ నవ్వేరో సూళ్లేదేటి?"

చూశాను. ఎవరు నవ్వారో, దేనికి నవ్వారో కూడా చూశాను. కానీ బావతో వాదించి గెలిచిన రోజు లేదు, అందులోనూ చంకలోని పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. నా అభిమానం మాత్రం చావలేదు. ఎవరన్నా కూర్మయ్యని ఒక మాటంటే నేనే వెనకేసుకొచ్చేదాన్ని. ఊరూరా తిరిగి గొంతు అరిగిపోయి ఉంటుంది, నరసింగరావు పోయాక చెయ్యి విరిగినట్టయి ఉంటుంది, పాపం ఇల్లు గడవద్దా అనేదాన్ని. మొగుడి మీద ఆశ ఎలా వదులుకోలేదో కూర్మయ్య మీదా అలాగే వదులుకోలేకపోయాను. ఆడదాని ఓర్పుకి ఇంటా బయటా గిరాకీ ఎక్కువే.

ఇప్పుడాయన కుటుంబ నియంత్రణ ప్రచారానికి కథలు చెబుతున్నాడు. ఎర్ర త్రికోణం బొమ్మ వేసిన జీపు ముందొస్తుంది, వెనకే కూర్మయ్య దళం వస్తుంది. ఆ జీపు మా ఊరు వస్తోందని తెలిసినప్పటి నుంచీ నా ఆశంతా దాని మీదే పెట్టుకున్నాను. కారణం ఉంది. చంటిది పుట్టినప్పుడు నేను దాదాపు పోయినదాన్నే. రక్తం ఆగకపోతే బండిలో వేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తేరుకున్నాక డాక్టరమ్మ నా మంచం పక్కన కూర్చుని, "సుభద్రమ్మా, ఇంకో కాన్పు నీ ఒళ్లు తట్టుకోదు. నీకు ఆపరేషన్ చేద్దామంటే ఒంట్లో రక్తం లేదు. మీ ఆయన్ని పంపించు. మగాళ్లకైతే చిన్న పని, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు," అంది. బావని పిలిచి కూడా చెప్పింది. ఆవిడ ముందు చేతులు కట్టుకుని, "అలాగేనండమ్మా," అన్నాడు.

ఆ అలాగే ఇంకా అలాగే ఉంది. మొదట కోతలవనీ అన్నాడు. తర్వాత మిల్లులో ఓవర్‌టైం అన్నాడు. గట్టిగా అడిగితే, "ఆపరేసను సేయించుకుని నాను మంచమెక్కితే మిల్లులో జనప బేళ్లు ఎవులెత్తుతారే, నీ బాబెత్తుతాడేటి?" అన్నాడు. బేళ్లెత్తలేని మగాడి సంగతి అందరికీ తెలుసు. రక్తం లేని ఒంటితో బిందెలెత్తే ఆడదాని సంగతి ఎవరికీ పట్టదు. మా అత్త అయితే, "నాను తొమ్మండుగుర్ని కన్నాను. ఏ డాక్టరమ్మ మొకం సూసేను?" అంటుంది. ఆ తొమ్మిది మందిలో మిగిలింది ఎందరో ఆవిడ చెప్పదు. దీపం ఆర్పాక బావకు డాక్టరమ్మ చెప్పిన మాట ఒక్కటీ గుర్తుండదు. వద్దంటే మొహం అటు తిప్పుకుని రెండు రోజులు అన్నం ముందు కూర్చోడు. నేనేమో నెల నెలా గుండె అరచేతిలో పెట్టుకుని ఎదురుచూస్తాను. బయటయితే దేవుడా అని ఊపిరి పీల్చుకుంటాను. ఇలా ఎన్నాళ్లు పీల్చుకుంటానో తెలియదు. నేను పోతే ఐదుగురు పిల్లలు ఎవరి చేతి అన్నం తింటారోనన్న బెంగ అన్నం కలిపేటప్పుడల్లా వస్తుంది.

బావ డాక్టరమ్మ మాట వినడు, నా మాట అసలే వినడు. కానీ కూర్మయ్య మాటంటే ఆయనకి వేదం. ఆ నోటి వెంట ఒక్క మాట, "మగోలారా, ఇది మీ పని" అని వస్తే చాలు, మా బావ మర్నాడే ఆసుపత్రికి వెళ్తాడని నాకు నమ్మకం. అందుకే ఎండురొయ్యలు గిల్లుతూ పాడుకున్నాను. పెట్టెలోంచి పొందూరు ఉత్తరీయం కూడా తీసి ఎండలో వేశాను. వాలుగ చేప దవడతో దూది ఏకి, పురిటికి కన్నవారింటికి వెళ్లినప్పుడల్లా పిల్లకు పాలిస్తూ వడికిన నూలు అది. ఐదు పురుళ్ల నూలు కలిపితే ఒక ఉత్తరీయం అయింది. ఎప్పటికైనా కూర్మయ్య భుజాన కప్పాలని దాచాను.

మర్నాడు జీపు వచ్చింది. కూర్మయ్యని చూసి గుండె కలుక్కుమంది. బుగ్గలు పీక్కుపోయాయి, మీసానికి మాత్రం నల్లరంగు. గంగులికి బొజ్జ వచ్చింది. అల్లుడు ట్రాన్సిస్టర్ చంకన పెట్టుకుని దిగాడు. ఆఫీసరూ, డ్రైవరూ, వాళ్లను చూడ్డానికి వచ్చిన బావ స్నేహితులూ అందరికీ విస్తళ్లు వేశాను. వడ్డిస్తుంటే గంగులు అలవాటు ప్రకారం ఊరి కబుర్లు అడుగుతున్నాడు. ఏ ఊళ్లో కథ చెప్పినా ఆ ఊరి సంగతులు నాలుగు కథలో కలిపితేనే రక్తి. ఎవరింట్లో గొడవలు, ఎవరికి పిల్లలెక్కువ అని అడుగుతుంటే బావ ఉత్సాహంగా చెబుతున్నాడు. "పక్కింటికెల్లడం ఎందుకు గంగులు బాబూ, మా ఇంట్లోనే ఉన్నాది ఒక సైన్యం. మా ఇంటిది ఒకర్ని సంకనేసుకుని, ఒకర్ని ఈడ్సుకుంటూ, అరుస్తూ నడిస్తే జాతర ఎల్తన్నట్టే," అన్నాడు. అందరూ నవ్వారు. నేను గరిటె పట్టుకుని అక్కడే ఉన్నాను. ఇలాంటివి కొత్త కాదు కాబట్టి పులుసు పోసి లోపలికి వచ్చేశాను.

భోజనాలయ్యాక కూర్మయ్య చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. చెంబుతో నీళ్లు పోస్తూ చెప్పాను. "బాబూ, మీ కథ పొందూరు కాడ సిన్నప్పుడు విన్నాను. రావమ్మ కథ మొత్తం నోటికొస్తాది. మీ నోట ఒక మాట రావాల. డాక్టరమ్మ నన్ను ఇంక కనొద్దన్నాది. నాకు రక్తం లేదు బాబూ, నాకు సెయ్యలేనన్నాది. మా బావే సేయించుకోవాల. ఆయన ఎవులి మాటా ఇనడు, మీ మాటైతే ఇంటాడు. మగోలకి సెప్పండి బాబూ, బయపడక్కర్లేదని."

కూర్మయ్య తడి చెయ్యి పంచెకు తుడుచుకుని నా నెత్తి మీద పెట్టాడు. "బెంగెట్టుకోకు తల్లీ. నీ మాట నా నోట పలికిస్తాను, సరేనా," అన్నాడు. నాకు కళ్లమ్మట నీళ్లు వచ్చేశాయి. లోపలికొచ్చి అంట్లన్నీ తోమాను. ఆ రోజు అంట్లు బరువనిపించలేదు.

బడి ముందు వేదిక. ఆఫీసరు తొందరగా వెళ్లాలట, అందుకని పొద్దు వాలుతూనే మొదలుపెట్టారు. పిల్లలకు అన్నాలు పెట్టి, చంటిదాన్ని చంకనేసుకుని నేను చేరేసరికి కథ సగమైంది. మా పెద్దపిల్ల అమ్మడు ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. తంబుర శ్రుతిలో లేదు. అందెలు ఒక లెక్కలో మోగుతుంటే గుమ్మెటలు వేరే లెక్కలో పోతున్నాయి. కథ పేరు పెద్ద సంసారమట. ఒక ఆడది పిల్లల్ని కంటూనే ఉంటుంది, పాపం మొగుడు వేగలేక చస్తుంటాడు. పిల్లలందర్నీ ఆవిడ ఒక్కర్తే ఎక్కడి నుంచో తెచ్చిపెట్టినట్టు చెబుతున్నారు. గంగులు పైపంచె చంకలో కుక్కుకుని పిల్లలా పట్టుకుని, ఇంకో చేత్తో అల్లుణ్ణి ఈడుస్తూ, నడుము ఊపుకుంటూ వేదికంతా తిరిగాడు. అది నా నడకే. నా పక్కనున్న లక్ష్మణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. గంగులు ఎలాగైనా గంగులే, కూర్మయ్య నోరు తెరిస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను.

అప్పుడు కూర్మయ్య తంబుర ఆపాడు. గంగులు వైపు చెయ్యెత్తి ఊరుకోమన్నాడు. అచ్చం రావమ్మ మాటకు ముందు ఎత్తినట్టే ఎత్తాడు. చంటిదాన్ని గట్టిగా పట్టుకుని మునివేళ్ల మీద లేచాను.

కూర్మయ్య పైపంచె నెత్తిన వేసుకున్నాడు. మెడ వంకర తిప్పాడు. కీచుమని ఆడగొంతు పెట్టాడు. "ఓ బావో... డాక్టరమ్మ నాకు సెయ్యలేనన్నాది బావో... నాకు రగతం లేదు బావో... నువ్వే సేయించుకోవాల బావో!"

జనం విరగబడ్డారు. గంగులు పంచె రెండు చేతులా ముందుకు పట్టుకుని, "ఓలమ్మో, నాను సచ్చినా ఎల్లను!" అంటూ వేదిక చుట్టూ పరుగెత్తాడు. కూర్మయ్య కీచుమంటూ వెంటపడ్డాడు. అల్లుడు "అవునవును" అన్నాడు. మగాళ్ల వైపు ఈలలు. అందరికంటే ముందు మా బావ, తొడలు చరుచుకుంటూ నవ్వుతున్నాడు. ముందు వరసలో అమ్మడు వెనక్కి తిరిగి నన్ను చూసి, మోకాళ్ల మధ్య మొహం దాచుకుంది. ఆఖర్న ఆడవాళ్ల వైపు తిరిగి, "అమ్మల్లారా, ఆలోసించుకోండి," అని కూర్మయ్య మంగళం పాడేశాడు. మగాళ్లకు ఒక్క మాట చెప్పలేదు. ఈ నవ్వుల తర్వాత మా ఊళ్లో ఏ మగాడైనా ఆసుపత్రి గడప తొక్కుతాడా? నాకు సిగ్గు వెయ్యలేదు. మా బావ ఎగతాళికి నేను ఎప్పుడో రాటుదేలిపోయాను. నాకు మండింది. నేను నీళ్లు పోసిన చేతుల్లో నా ప్రాణం సంగతి పెడితే, ఆ మనిషి దాన్ని కీచుమనిపించాడు. ఇన్నేళ్లుగా నేను దాచుకున్న ఆ ఒక్క గొంతును నా కళ్లముందే తీసి పారేశాడు. చంటిదాన్ని భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాను.

దళాన్ని ఆ రాత్రికి మా ఇంట్లోనే దింపి ఆఫీసరు జీపులో వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే జీపు మళ్లీ వచ్చి దళాన్ని ఇంకో ఊరు తీసుకెళ్తుందట. తెల్లారి నేను పెరడు ఊడుస్తుంటే మా రెండోవాడు రోకలి తంబురలా భుజాన పెట్టుకుని, "ఓ బావో, నాకు రగతం లేదు బావో!" అంటూ గంతులేస్తున్నాడు. వాడి కింది పిల్ల పకపకా నవ్వుతోంది. అమ్మడు వాడి వీపు మీద ఒక్కటిచ్చి లోపలికి పోయింది. వాణ్ణి అని ఏం లాభం? పెద్దవాళ్లు చూపించిందే వాడు నేర్చుకున్నాడు. వాడికి రేపు పెళ్లాం వస్తుంది, ఆవిడ మాట కూడా ఇలాగే పలుకుతాడన్న ఆలోచన వచ్చి చేతిలో చీపురు ఆగిపోయింది.

కూర్మయ్య వేపపుల్లతో పళ్లు తోముకుంటూ నూతి దగ్గరికి వచ్చాడు. నేను చెంబు అందించలేదు. నూతిగట్టు మీద పెట్టాను.

"బాబూ, రావమ్మకి మీరు ఏనాడూ ఆడగొంతు పెట్టలేదు. నాకెందుకు పెట్టేరు?"

ఆయన పుల్ల నోట్లోంచి తీసి ఉమ్మేశాడు. "జనం నవ్వాల గదా తల్లీ. నవ్వకపోతే ఆపీసరు బాబు ఇంకో దళాన్ని ఎట్టుకుంటాడు. రావమ్మ కథ ఇప్పుడెవులింటారు?"

"నానింటాను."

"నువ్వొక్కర్తివి."

"మగోలకి ఒక మాట సెప్తానన్నారు. నెత్తి మీద సెయ్యెట్టి అన్నారు."

"సెప్దామనే అనుకున్నాను తల్లీ, ఒట్టు. జగన్నాధానికి ముందు ఒక మాట సెప్పడం మరియాద గదాని సెప్పేను. సెప్పొద్దన్నాడు. నవ్వులాటగా తోసీమన్నాడు. అన్నం పెట్టినోడి మాట కాదనలేం గదా."

నా చేతులు అప్పటికి ఇంకా ఎండురొయ్యల వాసన కొడుతూనే ఉన్నాయి. "అన్నం పెట్టింది నాను," అన్నాను.

కూర్మయ్య నూతిగట్టు మీది చెంబు తనే తీసుకుని నోరు పుక్కిలించాడు. రావమ్మ కథ చెప్పిన మనిషి ఎక్కడో లోపల ఉన్నాడేమోనని నేను కాసేపు చూశాను. ఉన్నా లేకపోయినా ఇంక నాకు పనిలేదని తెలిసింది. చీపురు తీసుకుని మిగిలిన పెరడు ఊడ్చేశాను.

జీపు హారను మోగింది. వీధి అరుగు మీద నలుగురూ చేరారు. బావ లోపలికి కేకేశాడు. "సుబద్రా, పళ్లెం తే. గుడ్డ తే, కూర్మయ్యగోరికి కప్పాల."

పళ్లెంలో తాంబూలం, అరటిపళ్లు పెట్టి తెచ్చాను. బావ పళ్లెంలో వెతికాడు. "గుడ్డేదే?"

"లేదు."

"లేకపోడమేటి? మొన్న ఎండలో ఏసినావు గదా!"

"అది నా నూలు. నాను ఇవ్వను."

బావ మొహం గంటుపెట్టుకున్నాడు. నలుగురి ముందు గొడవెందుకని తన కండువా తీసి కూర్మయ్య భుజాన వేశాడు. కూర్మయ్య నా వైపు చూడకుండా జీపెక్కాడు. గంగులు మాత్రం చెయ్యి ఊపాడు. దుమ్ము అణిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఒకప్పుడు అంత మంచి కథకుడు అలా పోతుంటే బాధేసింది, ఆ మాట ఒప్పుకోవాలి.

తర్వాత మా గదిలోకి వెళ్లాను. నా చాప చుట్టాను. తలగడ తీసుకున్నాను. పెట్టెలోంచి ఉత్తరీయం తీసి భుజాన వేసుకున్నాను. పట్టపగలు, అరుగు మీద జనం ఇంకా ఉండగానే, వాకిలి దాటి అవతలున్న మా అత్త గదికి నడిచాను.

"పక్కలు ఎండలో ఏస్తన్నావేటి?" అన్నాడు బావ.

"కాదు. ఇయ్యాల్టి నుంచి నాను అత్త గదిలోనే తొంగుంటాను."

అరుగు మీదివాళ్ల వైపు ఒకసారి చూసి, బావ మెడ వంకర తిప్పాడు. "ఓ బావో, నాను అత్త గదిలోనే తొంగుంటాను బావో!" అని కీచుమన్నాడు. ఒకరిద్దరు నవ్వబోయి నా మొహం చూసి ఆగారు. అమ్మడు వచ్చి నా చేతిలోంచి తలగడ అందుకుంది.

మా అత్త మంచం మీద వక్కలు కత్తిరించుకుంటోంది. గదిలోకి వచ్చిన చాపని చూసింది, నన్ను చూసింది, గుమ్మంలో నిలబడ్డ కొడుకుని చూసింది. తిట్టడం మొదలుపెడుతుందనుకున్నాను. ఆవిడ కాళ్లు ముడుచుకుని, మంచం కిందున్న వక్కల బుట్ట పక్కకు జరిపింది. "గోడ పక్కనేసుకో. ఇటేపు గాలి రాదు," అంది.

గోడ పక్కన చాప పరిచాను. బావ గుమ్మం దాటి లోపలికి ఒక అడుగు వేశాడు. ఈసారి గొంతు తగ్గించాడు. "ఎన్నాలే ఈ బాగోతం?"

"నువ్వు ఆసుపత్రికెల్లి వొచ్చిందాకా."

"ఎల్లకపోతే?"

చాప మీద కూర్చున్నాను. చంటిదాన్ని ఒళ్లో వేసుకుని, ఐదు పురుళ్ల ఉత్తరీయం ఇద్దరికీ కలిపి కప్పాను.

"ఇక్కణ్ణించి నాను లెగను," అన్నాను. నా గొంతుతోనే అన్నాను.

బావ నవ్వలేదు.